పుస్తకాల గూడు: డంబుల్‌డోర్ సంగతి పేజీలో ఎక్కడుంది?

పోయిన నెల వేసవి సెలవులకి ఫాంటసీ నవలలు కొన్ని చెబుతూ, వీటిలో రెండు మూడింట్లో గే పాత్రలు కూడా ఉన్నాయని ఒక ముక్క రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ముక్క మీదే. తిట్టినవాళ్ళకి ఒక దణ్ణం. అడిగినవాళ్ళకి కింద జవాబులున్నాయి.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం చెబుతున్నా: నేను విజయవాడ సత్యనారాయణపురంలో చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపినదాన్ని. అక్కడ ఇంకా రైళ్ళు తిరిగే రోజుల మాట, ఇప్పుడు ఆ పట్టాల చోట బీఆర్‌టీఎస్ రోడ్డుంది. ప్రొఫెసర్ని కాను. రోజుకింత అని అద్దె కట్టి పట్టుకెళ్ళినవాడికి ఆ రెండట్టల మధ్య ఏం దొరికిందన్నదే నా లెక్క.

*

మేడమ్ గారూ, మా బాబు తొమ్మిదో తరగతి. మీరు చెప్పిన రిక్ రియర్డన్ నవలలు వరసపెట్టి చదివేస్తున్నాడు. వాటిలో ఒక అబ్బాయికి ఇంకో అబ్బాయంటే ఇష్టమట. వాడే చెప్పాడు, అన్నం తింటూ, చాలా మామూలుగా. అప్పట్నుంచీ నాకే టెన్షన్. చదవడం ఆపించాలా? వాళ్ళ నాన్నగారికి ఇంకా చెప్పలేదు.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

ఆపించకండమ్మా. ఆ వయసు కుర్రాడు తను చదివింది అమ్మకి చెప్పడమే ఈ రోజుల్లో పెద్ద విశేషం. రేపు ఇంకేదైనా చెప్పాలనుకున్నప్పుడు, ఇవాళ మీ ముఖం ఎలా మారిందో వాడికి గుర్తొస్తుంది.

మీవాడు చెప్పింది నికో డి ఏంజెలో గురించి. 2007లో వచ్చిన 'ద టైటన్స్ కర్స్' నవలలో ఈ నికో పదేళ్ళ పిల్లాడు. చేతినిండా ఆట కార్డులు, నోరు తెరిస్తే ఆగని ప్రశ్నలు. ఆ నవల్లోనే వాళ్ళక్క చనిపోతుంది. ఆమెను చూసుకుంటానని మాటిచ్చినవాడు కథానాయకుడు పర్సీ. పిల్లాడు పర్సీ మీద మండిపడి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత కనిపించినప్పుడల్లా నల్ల బట్టలు, ముడుచుకున్న ముఖం. అక్క పోయిన కోపంతోనే పర్సీకి దూరంగా తిరుగుతున్నాడనుకుంటాం. 2013లో 'ద హౌస్ ఆఫ్ హేడీస్' వచ్చేదాకా అసలు సంగతి బయటపడదు. క్రొయేషియాలో పాత రోమన్ శిథిలాల మధ్య నికోకి ప్రేమదేవుడు క్యూపిడ్ ఎదురవుతాడు. మన చెరకువిల్లు మన్మథుడిలా ముద్దుగా ఉండడు ఈయన. కంటికి కనబడకుండా కొడుతూ, విసిరేస్తూ, దాచుకున్నది చెప్పు, చెప్పు అని పీకల మీద కూర్చుంటాడు. పక్కన జేసన్ అనే ఇంకో కుర్రాడు ఉన్నాడు. అతనెదుటే నికో ఒప్పుకోవాల్సొస్తుంది, తనకి పర్సీ అంటే ప్రేమ అని.

ఆ ఘట్టం నాకు పూర్తిగా నచ్చిందని చెప్పను. ఒకరి మనసులో మాటని ఇంకొకరి ముందు కొట్టి కక్కించడం ఏం న్యాయం? దేవుడైతే మాత్రం! కానీ జేసన్ నచ్చాడు. వెక్కిరించడు, అయ్యో పాపం అనడు. ఎవరికీ చెప్పొద్దని నికో అడిగితే చెప్పడు. పధ్నాలుగేళ్ళ పిల్లలు ఆ పేజీల్లో నికోని ఎంత చూస్తారో జేసన్నీ అంతే చూస్తారు. రేపు క్లాసులో ఎవడైనా ఇలాంటి మాట చెవిలో వేస్తే ఏం చెయ్యాలో వీళ్ళకి తెలిసి ఉంటుంది.

ఇంకో సంగతి. నికో పుట్టింది ఈ కాలంలో కాదు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, ఇటలీలో. కాలం కదలని ఒక క్యాసినోలో ఇరుక్కుపోయి దశాబ్దాల తర్వాత అదే వయసుతో బయటికొచ్చాడు. అందుకే వాడి సిగ్గూ భయమూ వాళ్ళ తాతల కాలం నాటివి. 2014లో వచ్చిన తర్వాతి నవల చివర్లో వాడే పర్సీ దగ్గరికి నడిచి వెళ్ళి, ఒకప్పుడు నువ్వంటే ఇష్టం ఉండేది, ఇప్పుడు లేదులే, నువ్వు నా టైపు కాదు అని చెప్పి చక్కా పోతాడు. పర్సీ నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. మీవాడు అక్కడికి చేరితే లోపల గదిలోంచి నవ్వు వినిపిస్తుంది.

మీరు భయపడే సీన్లు ఆ నవలల్లో లేవు. రాసినాయన ఒకప్పుడు బడిపంతులే, ఏ వయసుకి ఏది చెప్పాలో తెలిసినవాడు. సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీరియళ్ళతో పోలిస్తే ఇవి మడి కట్టుకున్నట్టే లెక్క. వాళ్ళ నాన్నగారికి చెప్పాలనిపిస్తే పుస్తకం చేతిలో పెట్టి చెప్పండి, చదవకుండా తీర్పులు చెల్లవని ముందే మాట తీసుకుని.

*

అమ్మమ్మ గారూ, హాస్టల్లో పెద్ద గొడవ. హ్యారీ పాటర్ నవలల్లో ముసలి హెడ్మాస్టరు డంబుల్‌డోర్ గే అని నేను. ఏడు పుస్తకాల్లో ఎక్కడా ఆ మాటే లేదని నా రూమ్మేట్. బిర్యానీ పందెం కట్టాం. ఎవరు గెలిచినట్టు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కానూరు

బిర్యానీ రూమ్మేటుకి ఇప్పించు నాయనా.

ఏడో నవల 2007 జులైలో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో న్యూయార్కు కార్నెగీ హాల్లో రచయిత్రి రౌలింగ్ పాఠకులతో మాట్లాడారు. డంబుల్‌డోర్‌కి ప్రేమ దొరికిందా అని ఒకరు అడిగారు. అతన్ని తను ఎప్పుడూ గే అనే అనుకున్నానని, గ్రిండెల్‌వాల్డ్ అనే మాంత్రికుణ్ణి ప్రేమించాడని ఆవిడ జవాబు. హాలంతా చప్పట్లు. ఆరో నవల సినిమా స్క్రిప్టులో డంబుల్‌డోర్ ఎవరో అమ్మాయిని తలుచుకునే డైలాగుంటే, ఇతను గే అని మార్జిన్లో రాశానని కూడా అప్పుడే చెప్పారు. అంటే స్క్రిప్టు పట్టుకున్న సినిమావాళ్ళకి ముందు తెలిసింది. అర్ధరాత్రి క్యూలో నిలబడి పుస్తకం కొన్న పిల్లలకి తర్వాత తెలిసింది.

సరే, పుస్తకంలో ఏముంది? చాలానే ఉంది. పద్ధెనిమిదేళ్ళ ఆల్బస్ డంబుల్‌డోర్, పక్కింటికి వచ్చిన గెలెర్ట్ గ్రిండెల్‌వాల్డ్, ఒక వేసవి. పగలంతా ఇద్దరూ కబుర్లాడుకున్నాక కూడా రాత్రిపూట గుడ్లగూబ వచ్చి గెలెర్ట్ గది కిటికీ మీద ముక్కుతో పొడిచేదట, ఆల్బస్ ఉత్తరం పట్టుకుని. ఆ పక్కింటి ముసలావిడ బాతిల్డా చెబుతుంది ఈ ముక్క. పొద్దుగూకేదాకా మాట్లాడిన మనిషికే రాత్రి మళ్ళీ ఉత్తరం రాయడం అంటే ఏమిటో ప్రేమలో పడ్డవాడెవడికీ విడమరచి చెప్పక్కర్లేదు. కానీ మనకి చదవడానికిచ్చిన ఆ ఒక్క ఉత్తరంలో ఉన్నదేమిటి? మంత్రం రానివాళ్ళని ఎలా ఏలాలి, దాన్ని ఎలా సమర్థించుకోవాలి అన్న రాజకీయం! చివర్లో ఇంకోటుంది. ముసలి గ్రిండెల్‌వాల్డ్ జైల్లో దుష్ట మాంత్రికుడు వోల్డ్‌మోర్ట్‌కి అబద్ధం చెబుతాడు. నీ సమాధి తవ్వకుండా ఆపడానికి చెప్పాడేమో అని, అప్పటికే చనిపోయిన డంబుల్‌డోర్‌తో హ్యారీ అంటే ఆయన కళ్ళు తుడుచుకుంటాడు. నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయాను.

అయినా బిర్యానీ నీకు రాదు. ఎందుకంటావా? చదవాలనుకున్నవాడికి అందులో ఎంతుందో, కాదనుకునేవాడికి కాదనుకునే దారీ అంతే ఉంది. అవే నవలల్లో మిగతావాళ్ళని చూడు. రాన్, హెర్మయొనీల అలకలకి పేజీలకి పేజీలు. లుపిన్, టాంక్స్‌లకి పెళ్ళి, బిడ్డ. ఆఖరికి హాగ్రిడ్ తన ఎత్తే ఉన్న హెడ్‌మిస్ట్రెస్ కోసం బండి చక్రాలకి పూసే గ్రీజులాంటిదేదో జుట్టుకి పట్టించుకుని, నున్నగా దువ్వుకుని తయారైన సంగతి కూడా రాశారు. ఆ జుట్టుకిచ్చినంత చోటు ఆల్బస్ ప్రేమకి ఇవ్వలేదు.

2022లో వచ్చిన సినిమాలో చివరికి డంబుల్‌డోర్ నోటితోనే అనిపించారు, నిన్ను ప్రేమించానని. చైనాలో ఆ డైలాగులు ఆరు సెకన్లు కోసేసి విడుదల చేశారు. చైనా ప్రభుత్వాన్ని తిట్టడానికి చాలామంది ఉన్నారు, నేను సినిమా తీసినవాళ్ళనే అడుగుతాను. ఆరు సెకన్లు కోసేస్తే కథలో ఎక్కడా కుట్టు కూడా కనబడలేదు. అలా ఇరికించిపెట్టినదాన్ని ఇచ్చినట్టు నేను లెక్కెయ్యను.

నువ్వూ ఉత్త చేతులతో పోనక్కర్లేదు. రైతా నీది.

*

ఇదంతా పాశ్చాత్యులు మన పిల్లల మీద రుద్దుతున్న జబ్బు. మన పురాణాల్లోగానీ, మేం చదివిన చందమామల్లోగానీ ఇలాంటివి ఉన్నాయా? మీలాంటి పెద్దవారు కూడా ప్రోత్సహించడం బాధాకరం.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కొత్తపేట, గుంటూరు

నమస్కారం మాస్టారూ. చందమామలో లేవు, ఒప్పుకుంటాను. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళ కోసం మీరెంత కాచుకుని ఉంటారో నేనూ అంతే. అది పిల్లల పత్రిక, సాహసమే అందులో సరుకు.

పురాణాల మాటకొస్తే, చాలామంది వెంటనే శిఖండి, బృహన్నల అని పేర్లు తీస్తారు. నేను తియ్యను. శిఖండిది ఆడపుట్టుక నుంచి మగతనానికి మారిన కథ, బృహన్నల ఒక శాపం, ఒక అజ్ఞాతవాసం. ఇవాళ మనం మాట్లాడుకునేది అది కాదు. అయితే బెంగాలీవాళ్ళ కృత్తివాస రామాయణం ప్రతులు కొన్నింటిలో భగీరథుడి పుట్టుక కథ చూడండి. దిలీపుడు పోయాక ఆయన రాణులిద్దరూ శివుడి వరంతో ఒకరితో ఒకరు కలిస్తే భగీరథుడు పుట్టాడు. గంగని దింపినవాడండీ! ఆ కథ చెప్పుకున్నవాళ్ళకి అందులో తప్పేమీ కనిపించలేదు.

పోతే, మగవాళ్ళిద్దరు శారీరకంగా కలవడం నేరమన్న 377వ సెక్షను 1860లో తెల్లవాళ్ళు రాసిన శిక్షాస్మృతిలోది. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళకి అది వర్తించదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. పాశ్చాత్యుల సరుకేది, మనదేది అన్న లెక్క మీరే వెయ్యండి. మీ ఆరోగ్యం జాగ్రత్త, ఎండలు బాగా ఉన్నాయి.

*

తెలుగులో ఫాంటసీ నవల రాస్తున్నానండీ. ఒక కోట, ఒక శాపం. యువరాజు, సేనాపతి ప్రేమించుకుంటారు. సేనాపతిని యుద్ధంలో చంపేస్తే పాఠకులు ఏడుస్తారు, పైగా ఎవరూ అభ్యంతరం పెట్టరు అని మా ఫ్రెండు సలహా. ఇంకో డౌటు, ఆ రాజ్యంలో జనం వాళ్ళని వెలేసినట్టు చూపించాలా? సహజంగా ఉండాలి కదా.
– ఒక రచయిత్రి, తెనాలి

మీ ఫ్రెండు నోటి వెంట నిజం వచ్చేసింది. ఎవరూ అభ్యంతరం పెట్టరు! అందుకేగా ఇన్నేళ్ళూ చంపుతూ వచ్చారు. చచ్చిపోయినవాడి మీద జాలి పడటానికి ఖర్చేమీ లేదు. బతికుండి, ప్రేమించినవాడితో రాత్రి భోజనానికి కూర్చున్నవాణ్ణి ఒప్పుకోవాలంటేనే కష్టం.

ఈ అలవాటు మంచి రచయితలకీ ఉంది. మెర్సిడీస్ లాకీ 1989లో 'మాజిక్స్ పాన్' రాసినప్పుడు, పెద్ద ప్రచురణ సంస్థ వేసే ఫాంటసీలో గే కుర్రాడు కథానాయకుడు కావడమే అరుదు. పేరు వాన్యెల్. మగాడిలా లేడని తండ్రి వాణ్ణి రాజధానిలో మేనత్త దగ్గరికి తోలేస్తాడు. అక్కడ టైలెండెల్ పరిచయం, ప్రేమ. ఎంత బాగా రాసిందో ఆవిడ! మొదటి భాగం సగంలోనే టైలెండెల్ చచ్చిపోతాడు. మూడు భాగాలూ వాన్యెల్ ఆ దుఃఖం మోస్తూనే మహా మాంత్రికుడవుతాడు. ఆ కాలానికి అది పెద్ద సాహసం, కాదనను. ఇవాళ మీరూ అదే చేస్తే సాహసం అనిపించుకోదు.

చంపొద్దని ఒట్టు పెట్టుకోమనడం లేదు. ఎన్‌.కె. జెమిసిన్ 'ద ఫిఫ్త్ సీజన్'లో అలబాస్టర్ అని ఒకడున్నాడు. భూకంపాల్ని మనసుతోనే ఆపగల శక్తి ఉన్నవాడు, ఇష్టం లేని ఆడదానితో బిడ్డని కనమని ప్రభుత్వం ఆజ్ఞ వేస్తే విసుక్కుంటూ ఆ పని చేసేవాడు. తర్వాత ఒక దీవిలో ఇన్నన్ అనే ఓడదొంగని ప్రేమిస్తాడు. అక్కడా చావుంది. కానీ ఆ నవల్లో చావు ఎవర్నీ ఏరి పట్టుకోదు, ప్రపంచమే కూలుతోంది. మీ నవల్లో ఎంతమంది చస్తున్నారో, అందులో సేనాపతి ఒక్కడే ఎందుకున్నాడో చూసుకోండి.

తెర మీదికి తెచ్చేస్తే చాలనుకోవద్దు, దానికో ఉదాహరణ చెబుతాను. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలల్లో రాజుగారి తమ్ముడు రెన్లీ, యోధుడు లోరాస్‌ల ప్రేమ సూచనగానే ఉంటుంది. కథ ఎవరెవరి కళ్ళతో నడుస్తుందో వాళ్ళలో ఈ ఇద్దరూ లేరు మరి. 2011లో టీవీకి వచ్చేసరికి మొదటి సీజన్లోనే బాహాటంగా చూపించారు. లోరాస్ రెన్లీకి ఛాతీ మీది వెంట్రుకలు గీస్తూ, నువ్వే ఎందుకు రాజువి కాకూడదు అని ఎక్కిస్తాడు. భలే సీను. ప్రేమా రాజకీయమూ ఒకే కత్తి మీద. ఆ తర్వాతేమైంది? నవల్లో లోరాస్ రాజుగారి అంగరక్షక దళంలో తెల్ల వస్త్రం కప్పుకున్న యోధుడు, రెన్లీని తన చేతులతో ఎవరికీ తెలియని చోట పాతిపెట్టినవాడు. టీవీలో ఆ యోధుడు పోయాడు, గే అన్న ఒక్క ముక్కే మిగిలింది. అదే నేరంగా జైల్లో పడతాడు, అదే ఒప్పుకుని ఏడుస్తాడు, 2016లో గుడితో పాటు బూడిదైపోతాడు. నవల్లో ప్రేమ దాచి మనిషినిచ్చారు, టీవీలో ప్రేమ చూపించి మనిషిని లాగేసుకున్నారు. నాకు రెండూ వద్దు.

ఇక వెలి సంగతి. సహజంగా ఉండాలంటున్నారు, మీ నవల్లో శాపం తగిలి కోట రాయిగా మారుతుందో ఏమో, అది సహజమేనా? రాజ్యం మీది, చట్టం మీది. ఎలెన్ కుష్నర్ 1987లో 'స్వోర్డ్స్‌పాయింట్' రాసింది. అందులో మంత్రాలే లేవు, కత్తులు మాత్రం బోలెడు. రిచర్డ్ డబ్బుకి కత్తిసాము చేసేవాడు, అలెక్ అతనితో కాపురం ఉండే పొగరుబోతు. ఆ ఊళ్ళో ఎవడూ వాళ్ళ కాపురం గురించి కనుబొమ ఎగరెయ్యడు. గొడవలన్నీ అధికారం గురించి, పరువు గురించి, అలెక్ నోటిదూల గురించి. వెలి పెట్టడం మీ కథకి అవసరమైతే పెట్టండి, ఎవరు వేస్తారో, దానివల్ల వాళ్ళకేం లాభమో కూడా రాయండి. ఊరికే అలవాటుగా పెట్టకండి.

చివరిగా ఒక పని చెబుతాను. సేనాపతికి ప్రేమ కాకుండా ఏముందో ఒక పేజీ రాసి చూడండి. గుర్రాల మేతకి డబ్బు చాలక కోశాధికారితో పోట్లాడతాడా? యువరాజు మాట నిలబెట్టుకోనప్పుడు రెండు రోజులు మాట్లాడడా? ఆ పేజీ నిండకపోతే, మన సినిమాల్లో చెయ్యి తిప్పుకుంటూ నడిచి నవ్వించి పోయే పాత్రకీ మీవాడికీ తేడా ఏడుపు ఒక్కటే అవుతుంది.

*

అమ్మా, నాకు ఇరవై నాలుగు. బెంజి సర్కిల్ దగ్గర ఉద్యోగం. నేను గే. ఇంట్లో తెలియదు. ఇలాంటి నవలల్లో చదివినవన్నీ చావులే, ఏడుపులే. ఎవరూ చావని ఫాంటసీ ఒక్కటి చెప్పండి. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకోగలిగేలా ఉండాలి.
– పేరు వద్దు, విజయవాడ

నాన్నా, 2020లో వచ్చిన టి.జె. క్లూన్ నవల 'ద హౌస్ ఇన్ ద సెరూలియన్ సీ' తెచ్చుకో. అట్ట మీద సముద్రం పక్కన కొండ చివర ఒక ఇల్లు బొమ్మ, అంతే. మీ అమ్మగారు చూసినా పిల్లల పుస్తకం అనుకుంటారు.

కథానాయకుడు లైనస్‌కి నలభై ఏళ్ళు. కాస్త పొట్ట, ఒక పొగరు పిల్లి, ఎప్పుడూ వాన కురిసే ఊళ్ళో గవర్నమెంటు ఆఫీసు ఉద్యోగం. మాయశక్తులున్న పిల్లల అనాథాశ్రమాలు తనిఖీ చేసి రిపోర్టు రాయడం అతని డ్యూటీ. రూల్సు పుస్తకం లగేజీలో పెట్టుకోకుండా ఊరు కదలడు. మన ఏజీ ఆఫీసు ఆడిటర్ని తలుచుకో. అతన్ని ఒక దీవికి పంపుతారు, అక్కడ ఆరుగురు పిల్లలు. ఒకడు సాక్షాత్తూ సైతాను కొడుకు, ఆరేళ్ళవాడు, పాత రికార్డులంటే ప్రాణం. నాకు అందరికన్నా చాన్సీ ఇష్టం. ఏ జాతో ఎవరికీ తెలియని ఆకుపచ్చ ముద్ద, కళ్ళు కాడల చివర ఉంటాయి. రాక్షసుడివి, మంచం కింద దాక్కుని భయపెట్టేవాడివి అని జనం అంటే అదే నిజమనుకుని మంచాల కింద దాక్కునేవాడు. వాడి జీవితాశయం ఏమిటో తెలుసా? హోటల్లో బ్యాగులు మోసే బెల్‌బాయ్ అవ్వాలి!

ఆ ఆశ్రమం నడిపేవాడు ఆర్థర్. లైనస్‌కీ అతనికీ మధ్య ప్రేమ ఎంత నిదానంగా సాగుతుందంటే, కొన్నిచోట్ల పుస్తకం పట్టుకుని కుదపాలనిపిస్తుంది. ఆ లోకంలో జనానికి మాయపిల్లలంటే భయం. ఇద్దరు మగవాళ్ళు దగ్గరైతే మాత్రం ఎవరికీ పట్టదు. ఇది ఆరు సెకన్లు కోసేస్తే మిగిలే కథ కాదు, ఆ ఇద్దర్నీ తీసేస్తే పుస్తకమే లేదు. మరీ తియ్యగా ఉందని విసుక్కునేవాళ్ళున్నారు. నువ్వడిగిందే తీపి కాబట్టి నీకు ఆ బాధ లేదు.

అది అయ్యాక రక్తం చూడగలిగే ఓపిక వస్తే తాషా సూరి 'ద జాస్మిన్ థ్రోన్' ఉంది. 2021లో వచ్చింది, మరుసటి ఏడాది వరల్డ్ ఫాంటసీ అవార్డు కొట్టింది. మన దేశపు వాసనలున్న రాజ్యం. చితి ఎక్కనన్నందుకు అన్న బంధించిన రాకుమారి మాలిని, ఆమె గది ఊడ్చే ప్రియ. వాళ్ళిద్దరి ప్రేమ మీద సామ్రాజ్యం కథ నడుస్తుంది. అందులో చావులు బోలెడు, ముందే చెబుతున్నా. మూడు భాగాలూ వచ్చేశాయి కాబట్టి ఒకేసారి కొనుక్కో. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో ఎప్పుడు వెతికినా రెండోదీ మూడోదీ దొరుకుతాయి, మొదటిది దొరకదు.